చూడగానే తెలియాలి – ఇదీ ఒక చదువే!



మలేరియా మాత్రల అట్ట మీలో చాలామంది చూసే ఉంటారు. రక్తపరీక్ష చేసి, అది ఫాల్సిపేరం రకం జ్వరమని తేలితే ఆశా అక్కో, ఏఎన్ఎమ్మో మూడు రోజులకు సరిపడా మాత్రలున్న అట్ట ఇస్తారు. ఆ అట్ట రంగును ఎప్పుడైనా గమనించారా? 2013 నాటి జాతీయ మార్గదర్శకాల్లో ఆ రంగులు ఇలా పెట్టారు. ఏడాదిలోపు పసిబిడ్డకు గులాబీ. ఒకటి నుంచి నాలుగేళ్ళవారికి పసుపు. ఐదు నుంచి ఎనిమిది వరకు ఆకుపచ్చ. తొమ్మిది నుంచి పద్నాలుగు వరకు ఎరుపు. పదిహేను, ఆపైన తెలుపు. అంటే మన ఆరో తరగతి పిల్లవాడికి ఎర్ర అట్ట, వాడి నాన్నకు తెల్ల అట్ట.

ఇందులో ఏముంది, రంగులే గదా అంటారేమో. కాస్త ఆలోచించండి. మాత్రలన్నీ ఒకే డబ్బాలో పోసి, “నీకు మూడు, మీ చెల్లికి ఒకటిన్నర, చంటిదానికి అర” అని చెప్పి పంపితే ఏమవుతుంది? ఇంటికెళ్ళేసరికి ఎవరికెన్నో కలిసిపోతాయి. అర మాత్ర విరవబోతే పిండైపోతుంది. చదువురాని అమ్మ, కిరోసిన్ దీపం వెలుగులో, జ్వరంతో మూలుగుతున్న బిడ్డను ఒళ్ళో పెట్టుకుని లెక్కలు వేయాలి. అదే, ఎవరి మోతాదు వారి అట్టలోనే అమర్చి, వయసుకొక రంగు ఇచ్చేస్తే? లెక్కంతా ముందే అయిపోయింది. గుర్తు పెట్టుకోవలసింది రంగొక్కటే. (అయినా సరే, పరీక్ష లేకుండా, వాళ్ళు చెప్పకుండా ఏ రంగు అట్టా మింగకూడదు. ఇది పాఠంలో భాగం కాదు గానీ చెప్పక తప్పదు.)

మందు కనిపెట్టడం ఒక శాస్త్రం. ఆ మందు సరైన మనిషి నోట్లోకి, సరైన రోజున, సరైన కొలతలో చేరేలా అట్టను, రంగును, బొమ్మను, అక్షరాన్ని అమర్చడం మరొక విద్య. ఈ రెండో విద్యను విశ్వవిద్యాలయాల్లో నాలుగేళ్ళు నేర్పుతారని మన వైపు చాలామందికి తెలియదు. దాన్ని విజువల్ కమ్యూనికేషన్ అంటారు. అందులో ముఖ్యమైన కొమ్మ పేరు ఇన్ఫర్మేషన్ డిజైన్, అంటే సమాచారాన్ని చూడగానే అర్థమయ్యేలా రూపొందించడం. పదో తరగతి అయ్యాక ఎంపీసీనా, బైపీసీనా అని తప్ప వేరే మాట మన దగ్గర వినబడదు గనుక ఈ చదువు గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. “వాడికి డ్రాయింగు బాగా వచ్చు, కాబట్టి ఈ చదువు వాడికే” అనుకోకండి. చిత్రకారుడు అడవిని గీస్తే పదిమంది పది రకాలుగా అనుభవించవచ్చు, అది ఆ బొమ్మ గొప్పతనమే. మాత్రల అట్ట మీద బొమ్మను పదిమంది పది రకాలుగా అర్థం చేసుకుంటే ప్రాణాల మీదికొస్తుంది. ఇక్కడ అందం రెండోది. చూసినవాడు సరైన పని చేశాడా లేదా, అదే మార్కులు వేసే మాస్టారు. అలాగే ఫోటోషాప్, డీటీపీ నేర్చుకోవడమూ ఈ చదువు కాదు. అవి పనిముట్లు. పార పట్టడం వచ్చినంత మాత్రాన ఏ మడికి ఎంత నీరు కావాలో తెలుస్తుందా?

మన దేశమే ఒకప్పుడు ఈ విషయంలో పెద్ద పరీక్ష రాసింది. 1951 జనాభా లెక్కల ప్రకారం నూటికి 18 మందికే చదువు వచ్చు. అలాంటి దేశంలో 1951–52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరపాలి. అభ్యర్థి పేరు చదవలేనివాడు ఓటు ఎలా వేస్తాడు? ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టారు. పెట్టె మీద ఆ అభ్యర్థి గుర్తు అంటించారు. తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ వేయడమే ఓటరు పని. ఇప్పుడు ఓటు యంత్రం వచ్చింది, పెట్టెలు పోయాయి, గుర్తు మాత్రం పోలేదు. చదువురాని ముసలవ్వ ఓటుకూ కలెక్టరు ఓటుకూ ఒకే విలువ అన్నమాట నిజం కావడంలో ఆ చిన్న బొమ్మల పాలు తక్కువది కాదు.

ఇక పాఠంలోకి వద్దాం. ఈ విద్యకు పునాది వేసినచోట్లలో ఒకటి ఆస్ట్రియా రాజధాని వియన్నా. అక్కడ ఆటో న్యూరాత్ అనే ఆయన 1925లో ఒక మ్యూజియం ప్రారంభించాడు. రాజుల కత్తులు, కిరీటాలు పెట్టే మ్యూజియం కాదు. నగరంలో ఇళ్ళెన్ని, పుట్టిన పిల్లలెందరు, రోగాలెన్ని, ఏ పనిలో ఎంతమంది ఉన్నారు – ఇలాంటి లెక్కల మ్యూజియం. చూడవచ్చేది ఫ్యాక్టరీల్లో పనిచేసి అలిసిపోయిన కూలీలు. వాళ్ళకు అంకెల పట్టికలు చూపిస్తే ఏం చూస్తారు? అందుకని ఆయన అంకెలను బొమ్మలుగా మార్చాడు. గెర్డ్ ఆర్న్‌ట్జ్ అనే కళాకారుడు ఆ బొమ్మలను చెక్కి అచ్చు తీశాడు. 1934లో వియన్నాలో రాజకీయాలు మారి న్యూరాత్ బృందం నెదర్లాండ్స్‌కు పోవలసి వచ్చింది. 1940లో హిట్లర్ సేనలు అక్కడికీ వస్తే, న్యూరాత్, ఆయన సహచరి మారీ చిన్న పడవలో సముద్రం దాటి ఇంగ్లండు చేరారు. ఆ పద్ధతికి ఐసోటైప్ అని 1935లో పేరు పెట్టింది ఈ మారీయే.

ఐసోటైప్‌లో ఒక నియమం ఉంది. అదొక్కటి బాగా పట్టుకుంటే చాలు, రేపటి నుంచి పేపర్లో వచ్చే బొమ్మల లెక్కలను మీరే తప్పుపట్టగలరు. నియమం ఇది: ఎక్కువ సంఖ్యను చూపాలంటే బొమ్మను పెద్దది చేయకూడదు, అదే సైజు బొమ్మను ఎక్కువసార్లు వేయాలి.

ఎందుకో మన లెక్కతోనే చూద్దాం. దేశం మొత్తమ్మీద షెడ్యూల్డు తెగలవారిలో చదువు వచ్చినవారు 1961లో నూటికి 8.53. 1991లో 29.60. 2011లో 58.96. యాభై ఏళ్ళలో సుమారు ఏడు రెట్లు. ఇప్పుడు ఒకడు 1961కి ఒక అంగుళం పిల్లవాడిని, 2011కి ఏడు అంగుళాల పిల్లవాడిని గీశాడనుకోండి. ఎత్తు ఏడు రెట్లే, నిజమే. కానీ పిల్లవాడు ఎత్తుతోపాటు లావు కూడా ఏడు రెట్లయ్యాడు! ఏడేడ్ల నలభై తొమ్మిది. కాగితం మీద ఆ బొమ్మ ఆక్రమించిన చోటు 49 రెట్లు. కన్ను కొలిచేది ఆ చోటునే. అంకె ఏడంటుంది, బొమ్మ నలభై తొమ్మిదంటుంది. అబద్ధం ఒక్క అక్షరం కూడా రాయకుండా అబద్ధం చెప్పడమంటే ఇదే.

ఇప్పుడు న్యూరాత్ పద్ధతిలో గీయండి. ఒక్కో సంవత్సరానికి ఒక వరుస. వరుసలో పదిమంది పిల్లలు, అందరూ ఒకే సైజు. చదువు వచ్చినవారికి రంగు వేయండి. 1961 వరుసలో ఒక్కడు, వాడికి కూడా పూర్తిగా రంగు పడదు. 1991లో ముగ్గురు. 2011లో ఆరుగురు. ఎంత ఎదిగామో కనబడింది. ఇంకొకటి కూడా కనబడింది, చూశారా? చివరి వరుసలో రంగు పడని నలుగురు మీ వంక చూస్తూ నిలబడి ఉన్నారు. అంకెల పట్టికలో ఆ నలుగురు ఉండరు, 58.96 అన్న అంకె వెనక దాక్కుంటారు. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరుగా వరుసలు వేస్తే ఇంకో నిజం బయటపడుతుంది. 2011లో మగవారిలో 68.53, ఆడవారిలో 49.35. అంటే ఒక వరుసలో ఏడుగురు, పక్క వరుసలో ఐదుగురు. ఏ వరుసలు వేయాలి, ఏవి వదిలేయాలి అని నిర్ణయించేది గీసేవాడే. కాబట్టి బొమ్మ గీసేవాడు ఊరకే గీసేవాడు కాడు, తీర్పు కూడా చెబుతున్నాడు. నా ఉద్దేశంలో ఈ చదువులో అసలు బరువు ఇక్కడే ఉంది.

న్యూరాత్ బృందంలో ఒక ఉద్యోగానికి ట్రాన్స్‌ఫార్మర్ అని పేరు. నవ్వకండి, మన ఊరి చివర కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ చేసే పనే ఇదీ! పెద్ద లైన్లో వచ్చే కరెంటు నేరుగా ఇంట్లోకి వస్తే బల్బు పేలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని ఇంటికి తగ్గట్టు తగ్గిస్తుంది. అలాగే డాక్టరు దగ్గరా, ఇంజనీరు దగ్గరా ఉన్న జ్ఞానాన్ని సామాన్యుడికి తగ్గట్టు మార్చే మనిషి కావాలి. ఆ మనిషి డాక్టరుతో మాట్లాడగలగాలి, ముసలవ్వతోనూ మాట్లాడగలగాలి. మారీ చేసిన ఉద్యోగం అదే. 1945లో న్యూరాత్ చనిపోయాక కూడా ఆమె ఆ పని మానలేదు. 1950లలో నైజీరియా పశ్చిమ ప్రాంతంలో అందరికీ ఉచిత ప్రాథమిక విద్య వస్తోందని ప్రజలకు తెలియజేసే పుస్తకాలకు ఆమె బొమ్మలు కూర్చింది. వియన్నా బొమ్మల్లోని కోటు, టోపీ మనిషి అక్కడ పనికిరాడు గదా. అందుకని అక్కడికి స్వయంగా వెళ్ళి ఆ జనం కట్టూబొట్టూ, ఇళ్ళూ చూసి బొమ్మలను మార్చుకుంది.

అయితే బొమ్మ అంటే ప్రపంచమంతా ఒకేలా అర్థమవుతుందా? కాదని తేల్చినవాళ్ళూ ఉన్నారు. 1976లో నేపాల్లో యూనిసెఫ్, అక్కడి జాతీయ అభివృద్ధి సేవా సంస్థ కలిసి ఒక అధ్యయనం వెలువరించాయి. చదువురాని పల్లె జనానికి రకరకాల బొమ్మలు చూపించి, ఏం కనబడిందో చెప్పమన్నారు. వెలుగునీడలు దిద్దిన బొమ్మలను ఎక్కువమంది గుర్తుపట్టారు. మరీ సరళం చేసి, కర్రపుల్లల్లా గీసినవాటిని తక్కువమంది గుర్తుపట్టారు. బొమ్మలను వరుసగా పెడితే, ఎడమ నుంచి కుడికి కథలా చూడాలని చాలామందికి తోచలేదు. ఎందుకు తోచాలి? ఎడమ నుంచి కుడికి చూడటం మనకు పలక పట్టాక వచ్చిన అలవాటు. పుట్టుకతో వచ్చింది కాదు. మరి న్యూరాత్ నల్లబొమ్మలు తప్పా అంటే, తప్పని నేననను. చదువుకున్న నగరానికి అవి సరిపోయాయి. ఎవరికోసమో వారిని అడగకుండా గీయకూడదన్నదే నేపాల్ వాళ్ళు నేర్పిన పాఠం.

ఇది మన బడిలోనే ఒకసారి రుజువైంది. నీళ్ళ ట్యాంకు దగ్గర పెట్టడానికి కొందరు పిల్లలు ఒక బొమ్మ గీశారు. వాగు, వాగులో నీళ్ళు తాగే మనిషి, దానిమీద ఎర్రగా పెద్ద ఇంటూ గుర్తు. తాగొద్దని అర్థం. ఆదివారం పిల్లల్ని చూడ్డానికి వచ్చిన ఒక తాతను ఇదేమిటని అడిగితే, “రెండు కర్రలు అడ్డం పెట్టారు గదా, పశువులు దిగకుండా. ఇది మనుషులు తాగే చోటు” అన్నాడు. తాత తెలివితక్కువవాడా? ఎంతమాత్రం కాదు. పొలానికీ దారికీ కర్రలు అడ్డం పెట్టడం ఆయన రోజూ చూసేదే. ఇంటూ గుర్తు మనం నోటుబుక్కులో మాస్టారి ఎర్ర పెన్నుతో నేర్చుకున్నది. ఆయన నోటుబుక్కు చూడలేదు. (పైవారిలో ఎవ్వరూ కాదని ఓటు వేసే నోటా 2013లో వచ్చింది. 2015లో దానికి అహ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థ గీసిచ్చిన గుర్తు కూడా ఓటుచీటీ మీద ఇంటూనే! దాన్ని మన తాత ఎలా చదువుతాడో మీరే అడిగి చూడండి.)

విశ్వవిద్యాలయంలో దీన్నే క్రమపద్ధతిలో నేర్పుతారు. గీయి, పట్టుకెళ్ళి చూపించు, ఎక్కడ తడబడ్డారో రాసుకో, మళ్ళీ గీయి. మొదటి ఏడాది గీత, రంగు, జ్యామితి, అక్షరాలు. తర్వాత పుస్తకం పేజీ కూర్చడం, మ్యాపులు, చార్టులు, ఆసుపత్రులూ రైల్వే స్టేషన్లలో దారి చూపే బోర్డులు, ఫోటో, సినిమా, ఫోన్ తెరలు.

అక్షరాల గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. ఈ గోడ పత్రిక రాసే చెయ్యి మీదే కాబట్టి ఆ కష్టం మీకు తెలుసు. తెలుగులో ఒత్తులు కిందికి వేలాడతాయి. గుడులు పైకి లేస్తాయి. పంక్తుల మధ్య చోటు వదలకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడిని పొడుస్తుంది. చోటు ఎక్కువ వదిలితే చార్టు చాలదు. ప, ఫ, ష ఒకదానికొకటి ఎంత దగ్గరో చూడండి, మసక వెలుతురులో మందు సీసా మీద ఇవి తేడా తెలియాలంటే ఆ చిన్న గీతలను ఎంత సైజులో పెట్టాలి? ఇది లెక్క, ఇది విద్య. ఇంగ్లండులో రీడింగ్ విశ్వవిద్యాలయంలో అచ్చక్షరాల రూపకల్పనకే ఒక శాఖ ఉంది. మారీ న్యూరాత్ 1971లో తమ బొమ్మలూ కాగితాలన్నీ ఆ విశ్వవిద్యాలయానికే ఇచ్చేసింది. అక్కడ బోధించిన ఫియోనా రాస్ అనే ఆమె, జాన్ హడ్సన్‌తో కలిసి, మూర్తి క్లాసికల్ లైబ్రరీ వారి తెలుగు పుస్తకాలకు అక్షరాలు రూపొందించింది. తెలుగు మాతృభాష కానివాళ్ళు మన ఒత్తుల మీద అంత శ్రద్ధ పెట్టారంటే మనం ఎంత పెట్టాలి!

తెలుగు సంగతి అలా ఉంచండి. సవర భాషకు మంగేయి గొమాంగో 1936లో సొరంగ్ సొంపెంగ్ అనే లిపి కూర్చాడు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో గోండి రాతప్రతులు దొరికాయి. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించే ప్రపంచ పట్టికను యూనికోడ్ అంటారు. అందులోకి సొరంగ్ సొంపెంగ్ 2012లో, గుంజాల గోండి 2018లో చేరాయి. అంకె దొరికినంత మాత్రాన పని అయిపోలేదు. ఆ అక్షరాలను పలచగా, లావుగా, చంటిపిల్లల వాచకానికి ఒకలా, బస్సు బోర్డుకు ఒకలా గీసేవాళ్ళు కావాలి. మన రాష్ట్రంలో సవర, కోయ, కువి వాచకాలను తెలుగు లిపిలో వేశారు. అందులోనూ తేలని ప్రశ్నలున్నాయి. సవరలో మధ్యలో గొంతు బిగబట్టి ఆపే శబ్దం ఉంది గదా, దాన్ని తెలుగు అక్షరాల్లో ఏ గుర్తుతో చూపితే పిల్లవాడు తడబడకుండా చదువుతాడు? గిడుగు రామమూర్తి పంతులుగారు నూరేళ్ళ కిందట సవర నేర్చుకుని పని చేశారు. ఇంట్లో ఆ భాష మాట్లాడేవాళ్ళు ఈ క్లాసుల్లోనే కూచుని ఉన్నారు. ఆ శబ్దం పలికితే సరిపోయిందో లేదో ఢిల్లీలోనో ముంబైలోనో పుట్టిన డిజైనరు చెప్పలేడు, మీరు చెప్పగలరు.

ఇక ఎక్కడ చదవాలి? అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ 1961లో ఏర్పడింది. దానికి ముందు 1958లో అమెరికా నుంచి చార్లెస్, రే ఈమ్స్ అనే భార్యాభర్తలు వచ్చి ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. మన దేశంలో తాము చూసిన వస్తువుల్లో అన్నిటికన్నా మెచ్చుకున్నది ఏమిటో తెలుసా? చెంబు! ఎన్నో తరాల చేతుల్లో అరిగి, దిద్దబడి ఆ రూపం వచ్చిందన్నారు. అదే కోవలో ఆంధ్రప్రదేశ్ జాతీయ డిజైన్ సంస్థ 2015లో గుంటూరులో మొదలైంది, కమ్యూనికేషన్ డిజైన్ అందులో ఒక విభాగం. బొంబాయి ఐఐటీలో డిజైన్ కేంద్రం 1969 నుంచి ఉంది. 2010లో రూపాయి గుర్తు గీసిన ఉదయ కుమార్ అక్కడ పరిశోధన చేసినవాడే. హైదరాబాదు ఐఐటీలోనూ డిజైన్ శాఖ ఉంది. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆర్ట్ డిగ్రీ ఉంది.

ఐఐటీలకు యూసీడ్, జాతీయ డిజైన్ సంస్థలకు డాట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా ఫరవాలేదు, సీఈసీ, హెచ్ఈసీ వాళ్ళూ రాయవచ్చు. గిరిజన విద్యార్థులకు కేంద్ర సంస్థల్లో 7.5 శాతం సీట్లు కేటాయించారు. రెండు కష్టాలు దాచకుండా చెబుతాను. ఒకటి భాష, యూసీడ్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. రెండోది డబ్బు. ఈ చదువుల్లో ఫీజు ఎక్కువే, కాగితం, రంగులు, కంప్యూటరు ఖర్చు పైగా. ఐఐటీల వంటి చోట్ల సీటు వచ్చినవారికి కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇంటర్ మొదటి ఏడాదిలోనే సిద్ధం చేసుకోండి, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఆఖరి వారంలో తిరిగితే పని కాదు. యూసీడ్ సాధారణంగా జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అక్టోబరు ప్రాంతంలో మొదలవుతాయి. పరీక్షలో ఒక భాగం బొమ్మ గీయడం, మిగతాది పరిశీలన, తర్కం, అంకెలు.

ఈ పత్రిక పక్కన ఒక ఖాళీ చార్టు అంటించాం. ఎనిమిది, తొమ్మిది తరగతులవారికి పని: ఓఆర్ఎస్ ప్యాకెట్టును లీటరు నీళ్ళలో కలిపే విధానం ఒక్క అక్షరం లేకుండా గీయండి. లీటరు అంటే ఎంతో ఇంట్లో ఉండే ఏ పాత్రతో చూపిస్తారు? నీళ్ళు కాచి చల్లార్చినవని ఎలా తెలుస్తుంది? గీసిందాన్ని వచ్చే ఆదివారం మీకోసం వచ్చే పెద్దవాళ్ళలో చదువురాని ముగ్గురికి చూపించండి. మీరేమీ చెప్పకుండా వాళ్ళు ఏమన్నారో, ఏ భాషలో అన్నారో, ఆ మాటల్లోనే బొమ్మ కింద రాసి సోమవారం ప్రార్థనలోపు నాకివ్వండి.